గ్యాస్ లీకైతే ‘ప్రమాదవశాత్తు’ అనొచ్చా?

సందేహం: ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై జనం చనిపోతే ‘ప్రమాదవశాత్తు’ అని రాస్తున్నారు. యాజమాన్యాన్ని వెనకేసుకొచ్చినట్టు లేదూ? ఇంకోటి, ‘ప్రమాదకర రసాయనాలు’ అనాలా, ‘హానికర’ అనాలా?

సమాధానం: మీ అనుమానం సబబే. తమాషా ఏంటంటే, సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. తుపానొస్తే ‘అప్రమత్తంగా ఉండండి’ అంటామే, అందులోనూ ఉన్నది ఆ ధాతువే. ఆ లెక్కన ‘ప్రమాదవశాత్తు’ యాజమాన్యాన్ని బోనెక్కించే మాట! కానీ ఇవాళ అలా ఎవరూ అనుకోరు, ‘ఎవరి చేతుల్లోనూ లేదు, ఖర్మకొద్దీ జరిగింది’ అనే అర్థం చేసుకుంటారు. నిఘంటువు చూపించి దబాయిస్తే లాభం లేదు.

భోపాల్ సంగతే చూడండి. 1984 డిసెంబర్ 2 రాత్రి పురుగుమందుల ఫ్యాక్టరీలో మీథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి. ఆ ట్యాంకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్‌ను నెలల ముందే ఆపేశారు, బయటికొచ్చే గ్యాస్‌ను కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ అప్పటికి పనిచేయడం లేదు. దీన్ని ‘ప్రమాదవశాత్తు’ అంటే పాత అర్థంలో నూటికి నూరుపాళ్లు నిజం, ఇప్పటి అర్థంలో పచ్చి అబద్ధం.

చట్టం మాత్రం ఈ గొడవను దాటేసింది. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో ఓలియం (పొగలు కక్కే గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్) లీకైన కేసులో, మరుసటి ఏడాది జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, అలాంటి సరుకుతో వ్యాపారం చేసేవాడు ఎంత జాగ్రత్తపడ్డానని చెప్పుకున్నా సరే, నష్టం జరిగితే బాధ్యుడేనని తేల్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 1987లో కొత్త అధ్యాయం చేర్చి, లోపల పనిచేసేవాళ్లకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా అపాయమేంటో చెప్పి తీరాలన్నారు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతిపై వచ్చిన 1989 రూల్స్ సరుకు ఏది, ఎంత నిల్వ ఉంది అన్నదాన్నిబట్టి ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి ఇళ్ల మీదికొచ్చి 12 మంది పోయారు. ఈ తీర్పూ చట్టాలూ కాగితాల మీద అప్పటికి ఉన్నవే!

ఇక రెండోది. మామూలుగా వాడినా చేటు చేసేది హానికరం, పొగాకులాగా. అదుపు తప్పితే ముంచేది ప్రమాదకరం. క్లోరిన్‌ను మంచినీళ్లలో కలుపుతాం, అదే సిలిండర్ లీకైతే ప్రాణాల మీదికొస్తుంది. కాబట్టి రసాయనాలకు ‘ప్రమాదకర’ అన్నదే నప్పుతుంది. వార్త రాసేటప్పుడు మాత్రం ‘ప్రమాదవశాత్తు’ కొట్టేసి ‘గ్యాస్ లీకై ఇంతమంది చనిపోయారు’ అని ఊరుకోండి, కారణం విచారణలో తేలాక రాసుకోవచ్చు.