నెయ్యి కాచడం వచ్చినవాళ్లకు ఈ బాదం కేకులు సగం వచ్చినట్టే

కస్టర్డ్‌కీ ఐస్‌క్రీమ్‌కీ పచ్చసొన వాడేస్తే తెల్లసొన మిగిలిపోతోందనీ, దానితో సాయంత్రం టీలోకి చిన్న బాదం కేకుల్లాంటివి ఇంట్లో చేసుకోవచ్చా అనీ అడిగారు. తప్పకుండా చేసుకోవచ్చండి. అసలు తెల్లసొనతోనే చేసే బాదం కేకులున్నాయి. వాటిని ఫ్రాన్స్‌లో ఫినాన్సియే అంటారు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఫ్రియాండ్ అంటారు.

నాకు ఇవి మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు పరిచయమయ్యాయి. ఆఫీసు కింద ఉన్న కాఫీ షాపులో గంట ఆకారపు గాజు మూత కింద కోడిగుడ్డు ఆకారంలో చిన్న కేకులు పెట్టేవాళ్లు. మొదటిసారి కొరికినప్పుడు పైన సన్నగా కరకరలాడింది, లోపల తడితడిగా బాదం రుచి తగిలింది. వీటన్నిటి వెనకా ఇంకో వాసన ఉంది, అది నాకు బాగా తెలిసిన వాసనే. ఎక్కడిదో గుర్తు రావడానికి రెండు మూడు రోజులు పట్టింది. మా అమ్మ వెన్న కాచి దించే ముందు ఇల్లంతా వచ్చే వాసన అది.

ఈ కేకు కీలకమంతా అక్కడే ఉంది. వెన్నను ఎర్రగా కాచి వాడతారు. ఫ్రెంచివాళ్లు దాన్ని బర్ న్వాజెట్ అంటారు, న్వాజెట్ అంటే హేజల్‌నట్ అనే గింజ. వెన్నలో 80 శాతం దాకా కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు, కాస్త పాల పదార్థం ఉంటాయి. సన్నని మంట మీద పెడితే ముందు చిటపటలాడుతుంది, అది నీరు పోతున్న శబ్దం. శబ్దం తగ్గి సన్నని నురగ కట్టాక అడుగున ఉన్న పాల పదార్థం రంగు మారుతుంది, కమ్మని వాసన వస్తుంది. ఇంతవరకూ మనం నెయ్యి కాచినట్టే. తేడా ఏమిటంటే మనం నెయ్యి వడకట్టి అడుగున మిగిలిన మడ్డిని పక్కన పెడతాం, పిల్లలు పంచదార కలుపుకుని తింటారు. ఇక్కడ ఆ మడ్డే ప్రాణం. వడకట్టకూడదు. తమలపాకు, కరివేపాకు వేయకూడదు. మడ్డి తేనె రంగు దాటి ఎర్రబడగానే వేరే గిన్నెలోకి వంచేయాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి నల్లబడి చేదు వస్తుంది. నేను మొదటిసారి అలాగే పాడుచేసుకున్నాను.

డబ్బా నెయ్యి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. నేను వాడి చూశాను. తినడానికి బాగానే ఉంది కానీ సున్నుండల వైపు వెళ్లిపోయింది, ఆ హేజల్‌నట్ వాసన రాలేదు. ఉప్పు లేని వెన్నే తీసుకోండి. ఇంట్లో చిలికిన వెన్నైతే నీరు ఎక్కువ, కాగడానికి ఇంకాస్త సమయం పడుతుంది.

నా కొలతలు ఇవి: వెన్న 100 గ్రాములు, బాదం పొడి 60, మైదా 40, పంచదార పొడి 120, నాలుగు గుడ్ల తెల్లసొన (దాదాపు 120 గ్రాములు), చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. చిన్న మఫిన్ ట్రేలో 16 దాకా వస్తాయి.

బాదం పప్పు నానబెట్టి తొక్క తీశారంటే పూర్తిగా ఆరాకే మిక్సీలో వేయండి. కొలిచిన మైదాలోంచి రెండు చెంచాలు అందులో కలిపి, ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. తర్వాత జల్లెడ పట్టండి. పొడివన్నీ కలిపాక తెల్లసొన వేసి గరిటెతో కలపండి, చాలు. గిలకొట్టి నురగ తేవద్దు. కేకంటే నురగ తేవాలన్న అలవాటుతో నేను ఒకసారి గట్టిగా గిలకొట్టాను. ఓవెన్‌లో బాగా పొంగి, బయటికి తీశాక కుంగిపోయాయి, లోపల పొడిపొడిగా ఉన్నాయి. చివర్లో గోరువెచ్చగా ఉన్న వెన్నను మడ్డితో సహా పోసి కలపండి. వేడిగా పోస్తే తెల్లసొన ఉడికిపోతుంది.

పిండిని ఫ్రిజ్‌లో కనీసం గంట ఉంచండి. రాత్రంతా ఉంటే ఇంకా మంచిది. నేనైతే శనివారం రాత్రి కలిపి ఆదివారం సాయంత్రం కాలుస్తాను. అచ్చులకు వెన్న బాగా రాసి ముప్పావు వంతు నింపండి. ఓటీజీని (కరెంటు ఓవెన్‌ను) 200 డిగ్రీలకు ముందే బాగా వేడెక్కనిచ్చి, ట్రే పెట్టాక 190కి తగ్గించి 12 నుంచి 14 నిమిషాలు కాల్చండి. అంచులు ముదురు ఎరుపుకు రావాలి. లేత రంగులో తీసేస్తే రుచి సగమే. కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చే పద్ధతి వీటికి నేను చెప్పను, పై పొర కరకరలాడదు.

ఫినాన్సియే అనే పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలనిపిస్తోంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో విజిటేషన్ అనే క్రైస్తవ సంఘం సన్యాసినులు వీటిని చేసేవారని చెబుతారు. 19వ శతాబ్దం చివర్లో పారిస్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ దగ్గర లాన్ అనే మిఠాయి వర్తకుడు వీటిని బంగారు కడ్డీ ఆకారంలో పోసి అమ్మాడట, చేతికి జిడ్డు అంటకుండా తినొచ్చని అక్కడి డబ్బు వ్యాపారులు ఇష్టపడ్డారట. ఫ్రెంచిలో అలాంటివాళ్లను ఫినాన్సియే అంటారు, కేకుకూ అదే పేరు. ఇది విన్నప్పుడు నాకు హైదరాబాద్ అష్రఫీ గుర్తొచ్చింది. బాదం ముద్ద మీద బంగారు నాణెం ముద్ర వేసి చేస్తారు కదా! పారిస్‌లో కడ్డీ, మన దగ్గర నాణెం, రెండూ బాదంతోనే.

మెల్‌బోర్న్‌లో పైన రాస్ప్‌బెర్రీ పెట్టేవాళ్లు. ఇక్కడ నేను పిస్తా పలుకులు చల్లుతాను, లేదా పిండిలో నిమ్మ తొక్క తురుము వేస్తాను. యాలకుల పొడి వద్దు, వెన్న వాసనను మింగేస్తుంది.

మీకు తెల్లసొన ఒక్కోసారి ఒకటో రెండో మిగులుతుంది కాబట్టి మూత ఉన్న డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటూ ఉండండి. ఎన్ని వేశారో డబ్బా మీద రాయండి. నాలుగు అయ్యాక ముందురోజు కింది అరలోకి మార్చితే కరుగుతుంది, కేకుకు ఏ తేడా రాదు. చేసినవి డబ్బాలో మూడు రోజులు బాగుంటాయి, రెండోరోజు నుంచి పై పొర మెత్తబడుతుంది. ఓటీజీలో నాలుగు నిమిషాలు పెట్టి తీస్తే మళ్లీ కరకరలాడుతుంది.