ల్యాప్‌టాప్ ఎలా ఆగుతోందో ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, విండోస్ మళ్లీ వేయించమని అందరూ అంటున్నారని రాశావు. ఆ పని చివరికి ఉంచు. ఈ రోజే నీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. ఏదైనా సేవ్ అవుతుండగా ఇలా ఆగితే ఆ ఫైలు పాడైపోవచ్చు. నాకు నీ యంత్రం కన్నా నీ ప్రాజెక్టు గురించే బెంగగా ఉంది.

ఆ తర్వాత స్క్రూడ్రైవర్ జోలికి పోకుండా, అది ఎలా ఆగుతోందో గమనించు. ఆగిన ప్రతిసారీ అప్పుడు ఏం పని చేస్తున్నావో, చార్జర్ పెట్టి ఉందో లేదో, అడుగుభాగం ఎంత వేడెక్కిందో రాసిపెట్టుకో. షట్‌డౌన్ అవుతున్నట్టు తెర మీద చూపించి ఆగితే, ఏదో అప్‌డేటో ప్రోగ్రామో ఆపమని చెప్పిందన్నమాట. నీలం తెర వచ్చి ఆగితే డ్రైవర్‌నో (లోపలి పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) ర్యామ్‌నో (పని జరిగేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) అనుమానించాలి. ఏ సూచనా లేకుండా ఒక్క క్షణంలో నల్లబడిపోతే ఎక్కువగా వేడి, లేదా కరెంటు అందడంలో లోపం. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ కూడా చూడు. ఆగిన సమయానికి ఈవెంట్ నంబరు 1074 అని ఉంటే ఎవరో ఒకరో, ఏదో ప్రోగ్రామో అడిగితేనే ఆగింది, ఎవరు అడిగారో అక్కడే రాసి ఉంటుంది. 41 అని ఉంటే సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని మాత్రమే అర్థం. ఆ అంకె చూసి పవర్ సప్లై పోయిందని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నమ్మకు. అది కారణం చెప్పదు.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు వేడి మీదే అనుమానం. వీడియో పని పెట్టిన కాసేపటికి ఆగడం, వెంటనే ఆన్ చేస్తే మళ్లీ ఆగడం, చల్లారాక బుద్ధిగా నడవడం దాని లక్షణాలే. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా మొత్తం ఆపేస్తాయి. గాలి బయటికొచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టి చూడు. ఫ్యాను హోరుమంటున్నా చేతికి గాలి తగలకపోతే లోపల దారి మూసుకుపోయింది. అడుగు మూత తీసినవాళ్లు ఫ్యాను రెక్కలు తుడిచి సరిపెడతారు, కానీ అసలు దుమ్ము అక్కడ ఉండదు. ఫ్యానుకూ పక్కనున్న సన్నని లోహపు రేకులకూ మధ్య దుప్పటి ముక్కలా పేరుకుని ఉంటుంది. ఫ్యాను కదిపితే తప్ప అది కనిపించదు. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్ అయితే ప్రాసెసర్ మీద వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, అదీ మార్పించు. పరుపు మీద పెట్టి వాడే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్యి.

చార్జర్ తీస్తేనే ఆగుతుంటే, అందులోనూ ఇంకా 30, 40 శాతం చూపిస్తుండగానే ఆగుతుంటే, బ్యాటరీ అరిగిపోయింది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా అది వేరే సంగతి. ఇక చార్జింగ్ పెట్టకు, నొక్కకు, గుచ్చకు. వెంటనే ఆపేసి, తెలిసినవాళ్ల చేత బ్యాటరీ తీయించు. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పక విను తల్లీ.

చార్జర్ ఉన్నప్పుడే ఆగుతుంటే పిన్ను వదులుగా ఉందేమో కదిపి చూడు. వాట్లు కూడా చూసుకో. 65 వాట్లు కావలసిన దానికి 45 వాట్ల చార్జర్ తగిలిస్తే బరువైన పని వచ్చినప్పుడు చాలదు.

ఇవేవీ తేలకపోతే బయాస్ తెర (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర) తెరిచి అరగంట అలాగే వదిలెయ్యి. అక్కడా ఆగితే తప్పు విండోస్‌ది కాదు, మళ్లీ వేయించినా ఫలితం ఉండదు. ఆగకపోతే మాత్రం పరికరాలన్నీ బాగున్నాయని అనుకోకు. బయాస్‌లో ప్రాసెసర్‌కు పెద్ద పని ఉండదు కదా. అప్పుడు విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్ పరీక్షించు. అందులో తప్పులు వస్తే ర్యామ్ ఊడదీసి మళ్లీ గట్టిగా బిగించి చూడాలి, అయినా వస్తే మార్చాలి.

మెకానిక్ చూడగానే మదర్‌బోర్డు పోయిందంటే వెంటనే ఒప్పుకోకు. వేరే చార్జర్‌తోనూ, ఒక్కో ర్యామ్‌తోనూ నడిపి చూశారా అని అడుగు. చూడలేదంటే ఇంకొకరికి చూపించు. ఫైళ్లు కాపీ చేయడం పూర్తవగానే నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న