మాంగా (జపాన్ కామిక్స్) శైలిని అమెరికన్ సూపర్ హీరో కామిక్‌లో అతికించినట్టు కాకుండా ఎలా కలపాలి?

పెద్ద కళ్లు, నిక్కబొడుచుకున్న జుట్టు గీసినంత మాత్రాన మాంగా అయిపోదు. అసలు తేడా కథ నడిచే వేగంలో ఉంది. నెలనెలా వచ్చే అమెరికన్ కామిక్‌కి ఇరవై చిల్లర పేజీలే, అందుకే సంఘటనలు కుక్కేస్తారు. వందల పేజీలు సాగే మాంగాలో కత్తి దూసే ముందు ఒక పేజీ గాలికీ గడ్డికీ వదిలేయొచ్చు.

అమెరికన్ కామిక్ కళాకారుడు ఫ్రాంక్ మిల్లర్ 1983లో డీసీ అనే ప్రచురణ సంస్థకి 'రోనిన్' చేసినప్పుడు, 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' అనే సమురాయ్ మాంగా నుంచి తీసుకున్నవాటిలో ఈ నిదానం ఒకటి. అటు జపాన్‌లో మాంగా కళాకారుడు హోరికోషి 2014లో మొదలుపెట్టిన 'మై హీరో అకాడెమియా'లో ఆల్ మైట్ అనే సూపర్ హీరోని మాత్రం దట్టమైన నల్లటి నీడలతో అమెరికన్ పద్ధతిలో గీశాడు. మిగతా పాత్రల పక్కన వేరే పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంటాడు. కావాలని చేసిందే!

మీ స్క్రిప్టులో ఒక సంఘటన తీసేసి, ఆ పేజీలు మాటల్లేని ప్యానెళ్లకి (బొమ్మల గళ్లకి) ఇచ్చి చూడండి. కళ్ల సైజు సంగతి తర్వాత.