పాత యజమాని ఫాస్టాగ్‌తో ప్రయాణం

ప్రశ్న: తెలిసినవారి దగ్గర పాత కారు కొన్నాను. ఆర్సీ నా పేరు మీదికి మారింది గానీ ఫాస్టాగ్ ఇంకా ఆయనదే. రీచార్జి డబ్బు నేను పంపిస్తుంటాను. మొన్న చిల్లకల్లు టోల్ దాటానో లేదో, ఆయన ఫోన్ చేసి "ఏమండీ, విజయవాడ ప్రయాణమా?" అని అడిగారు. ట్యాగు పీకేసి నగదు కడితే ఈ బెడద పోతుందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఆయన మంచి మనసుతోనే పలకరించి ఉండవచ్చు; అయినా మీ రాకపోకలు మీ ప్రమేయం లేకుండా మరొకరికి తెలియడం సరికాదు. అద్దానికి అంటించిన ట్యాగులో బ్యాటరీ గానీ జీపీఎస్ గానీ ఉండవు. టోల్ గేటు దగ్గరి రీడరు పంపే రేడియో తరంగాలు తగిలినప్పుడే అది తన సంఖ్యను తెలుపుతుంది కనుక దారి పొడవునా మిమ్మల్ని వెంబడించదు. వివరాలు పోగుపడేది ఆ తర్వాతే. ఆ సంఖ్య ఆధారంగా, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే వ్యవస్థ ద్వారా, ట్యాగు ఇచ్చిన బ్యాంకు, ఆ ట్యాగు ఖాతాలో రుసుము తగ్గించి, ఏ ప్లాజాలో ఎంత తగ్గిందో నమోదైన ఫోనుకు సందేశం పంపుతుంది. ఆ ఫోను పాత యజమానిది. ఖాతా స్టేట్‌మెంటు తీస్తే కారు కొన్ననాటి నుంచి మీరు దాటిన టోళ్లన్నీ తేదీలతో సహా ఆయనకు కనబడతాయి.

ట్యాగు పీకేయడం పరిష్కారం కాదు. 2025 నవంబరు 15 నుంచి ట్యాగు లేని వాహనానికి యూపీఐతో కడితే 1.25 రెట్లు, నగదుతో కడితే రెండింతల రుసుము పడే నిబంధన అమల్లోకి వచ్చింది. పైగా ఆ పాత ఖాతా అలాగే ఉండిపోతుంది. దాన్ని మూసేయమని బ్యాంకును కోరవలసింది ఖాతాదారు అయిన ఆయనే. మిగిలిన సొమ్ము ఆయనకే తిరిగి వెళుతుంది కాబట్టి ముందే లెక్క తేల్చుకోండి. ఒక వాహనానికి ఒకే ట్యాగు అన్న నియమం ఉన్నందున, పాతది మూతపడిన తర్వాతే మీ ఆర్సీతో కొత్తది తీసుకోండి.

ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కానీ నేర పరిశోధన వంటి అవసరాలకు అందులో విశాలమైన మినహాయింపులున్నాయి. ప్రయాణ వివరాలను ఎంతకాలం ఉంచుతారో, ఎవరికి ఇస్తారో ట్యాగు అమ్మే రోజునే వాహనదారుడికి స్పష్టంగా రాసి ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

కొత్త ట్యాగు తీసుకునేటప్పుడు ఏజెంటు నంబరో డ్రైవరు నంబరో కాకుండా మీ ఫోన్ నంబరే నమోదు చేయించండి.