ధాన్యం నానబెట్టిన నీటితో మిల్లు మోటార్లు నడుస్తాయా?

మిర్యాలగూడ దగ్గరున్న మీ బాయిల్డ్ రైస్ మిల్లు నుంచి ధాన్యం నానబెట్టిన నీరు రోజుకు 50,000 లీటర్లు వస్తోందనీ, మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్‌తో ఆ నీటి నుంచి కరెంటు తీసి మోటార్లు నడపవచ్చా అనీ అడిగారు. మోటార్లు నడవవు. హైదరాబాద్‌లో ఎంటెక్ చదివేటప్పుడు ఇలాంటి నీటితోనే ఎనిమిది నెలలు పనిచేశాను కాబట్టి, మీరు డబ్బు పెట్టకముందే లెక్క చూసుకోవాలని రాస్తున్నాను.

ఈ సెల్‌లో గాలి తగలని గదిలోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని, అప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను కార్బన్ ఎలక్ట్రోడుకు అందిస్తాయి. అవి తీగ గుండా రెండో ఎలక్ట్రోడు చేరి ఆక్సిజన్‌తో కలుస్తాయి. సూక్ష్మజీవుల నుంచి కరెంటు వస్తుందని 1911లోనే ఇంగ్లండులో పాటర్ చూపించారు. మన తార్నాకలోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీలోనూ దీనిపై ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది.

ఇక లెక్క. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని, దాన్ని పూర్తిగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ బరువుతో కొలుస్తారు; ఆ కొలతే సీఓడీ. ఒక కిలో సీఓడీలోని ఎలక్ట్రాన్లన్నీ తీగలోకి వచ్చినా, సెల్ 0.3 వోల్టుల దగ్గర పనిచేస్తే దక్కేది దాదాపు ఒక యూనిట్ మాత్రమే. నేను తెచ్చిన నీటిలో లీటరుకు సుమారు 3 గ్రాముల సీఓడీ ఉండేది. మీ నీరూ అలాంటిదే అయితే రోజుకు 150 కిలోలు, అంటే మహా అయితే 150 యూనిట్లు. నా సెల్స్‌లో ఐదో వంతు ఎలక్ట్రాన్లు కూడా తీగలోకి రాలేదు కాబట్టి 30 యూనిట్లు అనుకోండి. చదరపు మీటరుకు ఒక వాట్ చొప్పున వేసుకున్నా దానికి 1,250 చదరపు మీటర్ల ఎలక్ట్రోడు కావాలి. మిల్లు నీటితో ఆ ఒక్క వాట్ రావడమే కష్టం.

రెండు ఎలక్ట్రోడుల మధ్య అయాన్లను (విద్యుదావేశం గల కణాలను) దాటనిచ్చే నాఫియాన్ అనే ప్లాస్టిక్ పొర కొనే స్తోమత లేక నేను మట్టి కుండలు వాడాను. కాల్చిన మట్టి గోడ గుండా అయాన్లు కదులుతాయి; ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు రైస్ మిల్లు నీటితోనే ఇలాంటి కుండలను పరీక్షించి 2010లో ప్రచురించారు. డబ్బాల్లో బస్సు మీద తెచ్చిన నీరు ఇక్కడికి చేరేసరికి పులిసి, పీహెచ్ 5కు దిగేది. సున్నం కలిపి 7కు తెచ్చాకే కుండలు కుదురుకున్నాయి. సూక్ష్మజీవుల విత్తనంగా పేడనీళ్లు పోశాను గానీ, అందులోని మీథేన్ తయారుచేసే జీవులు కొంత ఆహారాన్ని తమవైపు మళ్లించుకున్నాయి. మూడు వారాలకు 100 ఓమ్‌ల రెసిస్టర్ మీద 0.25 వోల్టులు నిలిచింది, అంటే 0.6 మిల్లీవాట్. చిన్న ఎర్ర ఎల్‌ఈడీ కోసం ఎనిమిది కుండలను సిరీస్‌లో కలిపితే, రెండో రోజే ఒక కుండలో ఆహారం అయిపోయి దాని వోల్టేజీ తిరగబడింది, మిగతా కుండలు ఇచ్చేదంతా అదే మింగేసింది. కోఠిలో కెపాసిటర్లు కొని, ఒక్కో కుండతో ఒక్కొక్కటి విడిగా ఛార్జ్ చేసి, ఆ తర్వాత వాటిని సిరీస్‌లో కలిపినప్పుడే దీపం వెలిగింది. కొన్ని సెకన్లే అయినా ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీపం కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నీరే. నాలుగు రోజుల్లో పులిసిన వాసన పోయింది, సీఓడీ మూడింట రెండు వంతులు తగ్గింది, అడుగున బురద కొద్దిగానే మిగిలింది. అందువల్ల ఈ సెల్‌ను నీటిని శుద్ధి చేసే సాధనంగానే చూడమని నా సలహా.

శక్తే కావాలంటే ముందు బయోగ్యాస్ గురించి ఆలోచించండి. కిలో సీఓడీ తొలగితే 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. మీ 150 కిలోలలో 80 శాతం తొలగినా 42 ఘనపు మీటర్లు, 30 శాతం సామర్థ్యం గల గ్యాస్ ఇంజన్‌తో 120 యూనిట్ల పైచిలుకు. ఐఐసీటీ పరిజ్ఞానంతో బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాల నుంచి కరెంటు తీస్తున్న ప్లాంటును ఒకసారి చూసి రండి. బయోగ్యాస్ తయారయ్యే ట్యాంకు (డైజెస్టర్) నుంచి బయటికి వచ్చే పలచని నీటికి మాత్రం కుండ సెల్స్‌ను చిన్న ఎత్తున ప్రయత్నించవచ్చు.

అన్నిటికన్నా ముందు, నానబెట్టే ట్యాంకు వదిలే మొదటి నీటినీ చివరి నీటినీ వేర్వేరుగా పట్టి సీఓడీ, పీహెచ్ పరీక్ష చేయించండి. ఆ అంకెలు పంపితే డైజెస్టర్ పరిమాణం ఎంత ఉండాలో లెక్క వేసి రాస్తాను.