‘పాకింది’ అనే మాట దగ్గర ఆగినందుకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా, మొన్న బెజవాడ నుంచి గుంటూరు వెళ్తూ బస్సులో ఒకసారి, రాత్రి ఇంటికొచ్చాక పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి. రొమ్ము క్యాన్సర్ గురించి మనవాళ్ళు ‘పాకిపోయిందంట’ అని గొంతు తగ్గించి అక్కడితో ఊరుకుంటారు, నువ్వు ఆ మాట దగ్గరే ఆగి అసలు ఎలా పాకుద్ది అని అడిగావు చూడు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

ముందు నీ వ్యాసంలో ఆ శత్రుసైన్యం, దండయాత్ర, ద్రోహి కణం అన్నీ కొట్టేయ్. పదేళ్ళ కిందట నేనూ అలాగే రాశా. అచ్చయిన వారానికి బ్రాడీపేట నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, అప్పటికే ఆపరేషన్ అయిందంట, ‘ఏవండీ, నా ఒళ్ళే నాకు శత్రువా’ అని అడిగారు. ఏం చెప్పాలో తెలీలేదు. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, ఆ క్యాన్సర్ కణం చేసే కదలికలు మన ఒంట్లో ముందునుంచీ ఉన్నవే. చెయ్యి తెగితే చర్మం కణాలు జరిగొచ్చి పుండుని పూడుస్తాయి, తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు కణాలు తమ చోటుకి తామే నడిచిపోతాయి, ఇదీ అదే నడక, కాకపోతే ఆగాల్సిన చోట ఆగట్లేదు.

ఆ నడకని నువ్వు రెండు లైన్లలో దాటేశావు, నన్నడిగితే వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూశావా, మోకు పైకి జరిపి బిగిస్తాడు, ఆ పట్టు మీద బరువేసి కాళ్ళు ఎత్తుకుంటాడు, మళ్ళీ మోకు. కణం కూడా దాదాపు అంతే. లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటూ పోగులై ముందువైపు పొరని బయటికి నెడతాయి, పొర మీదుండే ఇంటెగ్రిన్లు అనే కొక్కేలు కణం బయట అల్లుకునుండే కొల్లాజెన్ పోగుని పట్టుకుంటాయి, అప్పుడు మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ బిగుసుకుని వెనక భాగాన్ని లాగుతుంది, వెనక పట్టు వదులుతుంది. దారి ఇరుగ్గా ఉంటే కొల్లాజెన్‌ని తెంపే ఎంజైములు వదులుతుంది. పేర్లు తర్వాత పెట్టు, ముందు పని చూపించు.

ఒక తప్పు కూడా ఉంది. ఇ-క్యాడ్హెరిన్ అనే జిగురు పోతే కణం విడిపోయి పాకుతుందని రాశావు, పాలగ్రంథుల పేరుతో పిలిచే లోబ్యులర్ రకంలో ఆ జిగురు పోయి కణాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పోయే మాట నిజమే. కానీ ఎక్కువమందికి వచ్చే, పాలనాళాల పేరుతో పిలిచే డక్టల్ రకంలో చాలాసార్లు ఆ జిగురు ఉంటుంది, కణాలు గుంపుగా కదుల్తాయి. 2019లో ఎలకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ జిగురు తీసేస్తే కణాలు చుట్టుపక్కలకి ఇంకా ఎక్కువ చొచ్చుకుపోయాయి, కానీ చాలా చచ్చిపోయాయి, దూరంగా గడ్డలు కట్టడం తగ్గింది. ఇది చిక్కుగా ఉందని వదిలేయకు, పాఠకుడు అర్థం చేసుకుంటాడు.

మ్యాక్రోఫేజులు, అదే ఒంట్లో క్రిముల్ని మింగేసే రక్షక కణాలు, వాటి సంగతి అసలు రాయలేదేంటి? న్యూయార్క్‌లో జాన్ కాండీలిస్ అనే శాస్త్రవేత్త వాళ్ళు బతికున్న ఎలక గడ్డలోకి మైక్రోస్కోప్‌తో చూసి ఇది బయటపెట్టారు, క్యాన్సర్ కణం సిఎస్‌ఎఫ్-1 అనే సంకేత ప్రోటీన్ వదిలి మ్యాక్రోఫేజ్‌ని పిలుస్తుంది, అది ఇజిఎఫ్ అనే ఇంకో సంకేతం వదిలి క్యాన్సర్ కణాన్ని కదిలిస్తుంది, ఇద్దరూ అలా ఒకర్నొకరు పిల్చుకుంటూ రక్తనాళం దాకా పోతారు. మనల్ని కాపాడాల్సిన కణమే దారి చూపిస్తుంటే ఆ దృశ్యం ఎంత బరువైందో చూడు.

రక్తంలోకి దిగాక చాలా కణాలు చచ్చిపోతాయి, అది తప్పక రాయి, భయపడుతూ చదివేవాళ్ళకి ఆ నిజం కావాలి. మిగిలినవి ఎక్కడ పడితే అక్కడ మొలవ్వు. 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూశాడు, కాలేయానికి పాకింది 241 మందికి, ప్లీహానికి 17 మందికే. విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా కుదరాలి అన్నాడు. మిరప నారు పోసే గుంటూరు జిల్లా రైతుకి ఇది నువ్వు విడమర్చి చెప్పక్కర్లేదు.

శోషరస గ్రంథులు అని రాశావు, మన ఆడవాళ్ళు చంకలో బిళ్ళ కట్టింది అంటారు, ఆ మాటే పెట్టు.

ఎముక పేరా మాత్రం బాగా కుదిరింది. క్యాన్సర్ కణం వదిలే పదార్థాల వల్ల ఎముకని తినే కణాలు ఎక్కువవడం, ఎముక కరిగినప్పుడు దాన్లోంచి బయటపడే టిజిఎఫ్-బీటా అనే ప్రోటీన్ మళ్ళీ క్యాన్సర్‌కే మేత అవడం, ఆ గిరగిర తిరగడం నువ్వు చక్కగా పట్టుకున్నావు. కానీ అక్కడే ఆపేశావు. ఆ చక్రాన్ని నెమ్మదింపజేసే ఇంజెక్షన్లున్నాయి, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్, డాక్టర్లు వాడుతూనే ఉన్నారు. వాళ్ళమ్మ తుంటినొప్పితో పక్క గదిలో పడుకునుంటే నీ వ్యాసం చదివే పిల్ల ఆ పేరా తర్వాత వెతికేది దాన్నే. అది రాసి ఆదివారంలోపు పంపు, నేను ఇంట్లోనే ఉంటా.