ఆటల గోదా: పాత బెల్టా, కొత్త బెల్టా?

కళాశాలలు తెరిచారు, తైక్వాండో క్లబ్బుల నోటీసులు గోడలకెక్కాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి పాలకొల్లు శిక్షకురాలి జవాబులివి.

మేడమ్ గారికి నమస్కారం. అమలాపురంలో తొమ్మిదో తరగతి వరకు తైక్వాండో నేర్చుకున్నాను. నీలం బెల్టు వచ్చింది. తర్వాత పదో తరగతి, ఇంటర్ చదువుల్లో మానేశాను. ఇప్పుడు భీమవరంలో బీటెక్ మొదటి సంవత్సరం. క్లబ్బుకు వెళ్లి చూస్తే అక్కడ తేగుక్ ఇల్ జాంగ్ అనే కదలికల క్రమం నేర్పుతున్నారు. నాకు వచ్చినవి చోన్‌-జి, డాన్‌-గున్. నా బెల్టు చెల్లుతుందా? తెల్ల బెల్టుల వరుసలో నిలబడాలంటే సిగ్గుగా ఉంది.
ఎస్., భీమవరం

బెల్టు సంగతి తర్వాత చూద్దాం బాబూ. చోన్‌-జి అన్నావు కాబట్టి నువ్వు నేర్చుకున్నది ఐటీఎఫ్ (అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య) పద్ధతి. ఆ సంస్థను 1966లో చోయ్ హాంగ్ హి స్థాపించారు. మీ కళాశాలలో నేర్పుతున్న తేగుక్‌లు రెండో సంస్థవి. అది 1973లో సియోల్‌లో పుట్టింది, 2017 నుంచి వరల్డ్ తైక్వాండో అని పిలిపించుకుంటోంది. 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకాలు ఇస్తున్నది దీని నియమాల ప్రకారమే. రెండింట్లో ఏది అసలుదని మాత్రం నన్ను అడగకు. కొరియాలోనే తెగని తగువును వశిష్ఠ గోదావరి గట్టున కూర్చుని నేనెక్కడ తెంచేది?

తేడా నీ కాళ్లకు మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. చోన్‌-జిలో మొదటి కదలిక ఎడమకు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడం. తేగుక్ ఇల్ జాంగ్‌లోనూ అంతే. 'ఇది నాకు వచ్చినదే' అనుకుంటావు. చెయ్యి సరిగ్గానే పడుతుంది. కాలు మాత్రం పాత అలవాటు కొద్దీ బారుగా పడుతుంది. ఇక్కడ ఆ అడుగు మామూలుగా నడిచేటంత పొట్టిది. మోకాళ్లు కొద్దిగా కుంగి లేస్తూ కదలడం కూడా నీకు అలవాటై ఉంటుంది, అదీ ఇక్కడ లేదు. ఈ 18 కదలికలు ఏమీ రానివాడి కంటే నీకే ఆలస్యంగా పట్టుబడతాయి. అందుకు చిన్నబుచ్చుకోకు.

ఎదురెదురుగా తలపడే స్పారింగులో ఇంకా జాగ్రత్త. ఐటీఎఫ్ పోటీలో ముఖం మీదికి పిడిగుద్దు చెల్లుతుంది. ఇక్కడ గుద్దు ఛాతీ కవచం మీదనే పడాలి, తలకు తగలవలసింది కాలు. కవచం మీద గుద్దుకు 1 పాయింటు, కాలి దెబ్బకు 2, తల మీది కాలి దెబ్బకు 3. అలవాటుగా నీ చెయ్యి ముఖం మీదికి వెళ్లిందో, గామ్‌జొమ్ (తప్పు) అని అరిచి ఎదుటివాడికి పాయింటు ఇస్తారు. అంతకు ముందే వాడి ముక్కు పగిలి ఉంటుంది. నీ సీనియరు ముక్కు అయితే ఆ తర్వాతి కథ నేను చెప్పనక్కరలేదు.

ఇక బెల్టు. నీలం అనేది కుప్ స్థాయి, అంటే నల్ల బెల్టుకు కింది మెట్లలో ఒకటి. కుప్ పరీక్ష నీ మాస్టారు పెట్టారు, బెల్టు ఆయనే ఇచ్చారు. ఇంకో సంస్థ మాస్టారు దాన్ని ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. సియోల్‌లోని తైక్వాండో కేంద్రం కుక్కివోన్‌లో పేరు నమోదయ్యేది ఆ పైన నల్ల బెల్టు స్థాయి అయిన డాన్‌కు, పదిహేనేళ్లు నిండని పిల్లలైతే దానికి సమానమైన పూమ్‌కు. కాబట్టి పాత సర్టిఫికెట్టు తీసుకెళ్లి మాస్టారికి చూపించు. ఆయన అడగకముందే తెల్ల బెల్టు కట్టుకుంటానని చెప్పు. నీకు కాలు ఆడుతుందని గమనించిన మాస్టారు నిన్ను అక్కడే కూర్చోబెట్టరు, త్వరలోనే పరీక్షకు పంపుతారు. సిగ్గు అన్నావు కదా, ఒక్క మాట విను. నీలం బెల్టు కట్టుకుని బరిలోకి దిగితే అవతలివాళ్లు నిన్ను నీలం బెల్టువాడిని కొట్టినట్టే కొడతారు. మూడేళ్లు పుస్తకాల ముందు కూర్చున్న ఒళ్లు దానికి సిద్ధంగా లేదు.

అసలు చెప్పవలసింది ఇదే. బుర్ర కిక్‌ను మరచిపోదు, తొడ వెనుక కండరం మరచిపోతుంది. ఆయాసం కొద్ది వారాల్లో తగ్గుతుంది కానీ కండర బంధాలు అంత తొందరగా దారికి రావు. తిరిగి చేరినవాళ్లలో గజ్జ పట్టేసి ఇంటికి పోయేవాళ్లు సాధారణంగా రెండో వారంలో పోతారు, అదీ తల ఎత్తుకు దోల్యో చాగి (కాలు పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బ) కొట్టబోయి. మొదటి ఆరు వారాలు నీ కాలు నడుము దాటకూడదు. కొట్టేటప్పుడు నేల మీది కాలి మడమ ఎదుటివాడి వైపు తిరుగుతోందా లేదా అని పక్కవాడిని చూడమను. అది తిరగకపోతే ఆ మెలిక అంతా మోకాలు మీద పడుతుంది. తొమ్మిదో తరగతిలో ఉన్న బరువు కాదు కదా ఇప్పుడు.

మన నేలల సంగతి కూడా ఇందులో ఉంది. బరక సిమెంటు మీద ఉత్తకాలు తిరగదు, వానాకాలం చెమర్చిన టైల్స్ మీద ఆగదు. మ్యాట్లు పరిచే క్లబ్బే కావాలి. పరిస్తే చాలదు, మొదలుపెట్టేముందు పొడిగుడ్డతో తుడవాలి. ఎవరు తుడుస్తారని అడగకుండా నువ్వే గుడ్డ అందుకో. తెల్ల బెల్టు వరుసలో నీకు గౌరవం దొరకడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

మేడమ్, మాది సఖినేటిపల్లి. నరసాపురంలో డిగ్రీ చదువుతున్నాను. పద్దెనిమిదేళ్లు నిండాయి. ఏ ఆటా ఆడినదాన్ని కాదు, వంగితే కాలి వేళ్లు అందవు. ఇప్పుడు చేరితే ఆలస్యమా? నెలసరి రోజుల్లో ఆ తెల్ల బట్టలంటే భయం. క్లాసు సాయంత్రం. అయ్యాక పంటు ఎక్కి ఇంటికి వెళ్లాలి కనుక అమ్మ ఒప్పుకోవడం లేదు.
పేరు వద్దన్న పాఠకురాలు

ముందు మీ అమ్మగారి మాట చూద్దాం తల్లీ. మిగతా రెండు భయాలకూ మందు ఉంది, వశిష్ఠకు లేదు. అమ్మకు క్లాసు ఎప్పుడు అయిపోతుందో చెప్పకు, నువ్వు రేవుకు ఏ వేళకు చేరతావో చెప్పు. ఆఖరి పంటును లెక్కలోకి తీసుకోకు, దాని ముందుదాన్ని తీసుకో. ఆ లెక్కకు క్లాసు చివరి భాగం పోతుందంటే పోనీ, మాస్టారితో మొదటిరోజే మాట్లాడుకో. వరదకు పంటు ఆపేసిన రోజుల్లో చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాలి. ఆ రోజుల్లో క్లాసు మానేసెయ్. కలిసి పంటు ఎక్కే ఇంకో అమ్మాయిని క్లబ్బులో చేర్పించగలిగితే అమ్మ సగం ఒప్పుకున్నట్టే.

ఆలస్యమా అంటే, ఒలింపిక్స్‌కు ఆలస్యమే, అబద్ధం చెప్పను. అంతర్ కళాశాల పోటీలకు కాదు. ఆడేది బరువు తరగతుల్లో కాబట్టి నీ అంత మనిషితోనే నీ ఆట. ఎంపికలు ఎప్పుడో మీ ఫిజికల్ డైరెక్టర్‌ను అడుగు. కాలి వేళ్లు అందకపోవడం పెద్ద విషయం కాదు. క్లాసు మొదట్లో ఒళ్లు వేడెక్కేలా గెంతడం, కాళ్లు ఊపడం, చివర్లో నిదానంగా సాగదీయడం. ఎవరైనా వీపు మీద బరువు పెట్టి నొక్కుతానంటే వద్దని గట్టిగా చెప్పు. అలా నొక్కేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుంటారు.

డోబోక్, అంటే నువ్వన్న ఆ తెల్ల బట్టలు, వెంటనే కొనకు. మొదటి నెల ట్రాక్ ప్యాంటుతో రానిస్తారేమో అడుగు, చాలా చోట్ల రానిస్తారు. కొన్నాక లోపల నల్లటి సైక్లింగ్ షార్ట్ వేసుకో, సంచిలో ఇంకొకటి ఉంచుకో. నొప్పిగా ఉన్న రోజు "ఈరోజు స్పారింగ్ చేయను, పూమ్సే (కదలికల క్రమం) చేస్తాను" అంటే చాలు. కారణం చెప్పి తీరాలని పట్టుబట్టే మాస్టారి దగ్గర నేర్చుకోవద్దు. నేను ఇంత కచ్చితంగా చెప్పే మాటలు తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఇక మన ఉక్కలో తడి డోబోక్ ఒక్క రాత్రి సంచిలో ఉంటే వాసన కొడుతుంది, అదే మళ్లీ తొడుక్కుంటే తామర పట్టుకుంటుంది. ఇంటికి చేరగానే ఉతుకు. హెడ్ గార్డు క్లబ్బుది వాడుకోవచ్చు, పళ్ల గార్డు మాత్రం నీదే కావాలి.

చేరేముందు ఒక సాయంత్రం గోడ పక్కన కూర్చుని చూడు. ఎవరి కాలు ఎంత ఎత్తు లేస్తోందని చూడకు. కొత్తవాళ్లకు ప్యాడ్ పట్టుకుంటున్నది ఎవరో చూడు. నల్ల బెల్టులు పట్టుకుంటుంటే చేరు. కొత్తవాళ్లను ఒక మూలకు తోసి, వాళ్లలో వాళ్లే పట్టుకోమంటుంటే ఇంకో క్లబ్బు వెతుక్కో.

అమ్మా, మా అబ్బాయికి ఏడాదిలో బ్లాక్ బెల్టు ఖాయమని చెప్పి మొత్తం రుసుము ముందే కట్టమంటున్నారు. కట్టమంటారా?
ఒక తండ్రి, రావులపాలెం

కట్టకండి. సంక్రాంతి బరికి పుంజును మేపేవాడు కూడా మన జిల్లాల్లో ఏడాది ముందు గెలుపు ఖాయమని రాసివ్వడు. మొదటి డాన్‌కు ముందు పది కుప్ స్థాయిలున్నాయి, వాటి మధ్య సాధన చేసే వ్యవధి ఉండాలి. ఏడాదిలో అన్నీ దాటించేవారు మీకు అమ్ముతున్నది గుడ్డ బెల్టు. ఇచ్చేది కుక్కివోన్ సర్టిఫికెట్టేనా, మరేదైనానా అని సూటిగా అడగండి. నెలనెలా కడతామనండి. పరీక్ష రుసుము ఎంత, ఏడాదికి ఎన్ని పరీక్షలు, డోబోక్, కవచాలు వాళ్ల దగ్గరే కొనాలా అన్నవి కాగితం మీద రాయించుకుని, కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.